చిన్నమ్మ చెవులతో చదివిన చదువు

మొన్న బడులు తెరిచిన వారంలో మనవరాలిని జనగామలో ఒకటో తరగతిలో చేర్చడానికి కోడలితో పాటు నేనూ వెళ్లాను. బడివారు ఇచ్చిన కాగితంలో, పిల్లకు చూపులోగాని వినికిడిలోగాని సాయం కావాలా అని ఒక గడి, ఇంట్లో మాట్లాడే భాష ఏది అని ఇంకో గడి ఉన్నాయి. కోడలు రెండూ చకచకా నింపేసి ముందుకు పోయింది గాని, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఈ రెండు ప్రశ్నలూ మా రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే నాకు తెలిసిన ఇద్దరు ఆడపిల్లలు అన్ని తిప్పలు పడేవారు కారు గదా అనిపించింది.

నా బడి చదువంతా దేవరుప్పులలో అమ్మమ్మగారింట్లో సాగింది. అమ్మకు ఆఖరి చెల్లెలు నాకంటే ఏడాదే పెద్ద. వరుసకు చిన్నమ్మ, ఆటల్లో జోడీ. మూడేళ్లప్పుడు తట్టు పోసి ఆమెకు రెండు కళ్లూ పోయాయి. తాతకు భూమి ఉంది, ఊళ్లో మాటకు చెల్లుబడి ఉంది, ఈ బిడ్డంటే ప్రాణం. ఆ ప్రాణమే ఆమెను బడి గడప తొక్కనివ్వలేదు. సాయంత్రాలు నేను అరుగు మీద కూర్చుని ఎక్కాలూ పద్యాలూ వల్లె వేస్తుంటే, ఆమె పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. నాకు వారం పట్టేది ఆమెకు రెండు సాయంత్రాల్లో వచ్చేసేది, అది చూసి నాకు ఒళ్లు మండిపోయేది.

నేను మూడో తరగతిలో ఉండగా, తాత ఊళ్లో లేని ఒకరోజు, చిన్నమ్మ పంతం పట్టి నా చెయ్యి పట్టుకుని బడిదాకా వచ్చి కిటికీ కింద కూర్చుంది. లోపల పెద్దసారు నన్ను పదమూడో ఎక్కం అడిగారు. తొంభై ఒకటి దాకా లాక్కొచ్చి నేను నోరు వెళ్లబెట్టాను. మిగతా ఎక్కం కిటికీ అవతలి నుంచి వినబడింది. పెద్దసారు బెత్తం బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లి, ఆమెను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. మర్నాడు తాత రాగానే ఇంటికి వచ్చారు.

"కండ్లు లేని పిల్లకు సదువెందుకు సారూ, నవ్వులపాలు చేస్తరా?" అన్నాడు తాత.

"పటేలా, నా బడిల కండ్లున్నోళ్లు శానమందే ఉన్నరు, ఒక్కలకన్న పదమూడో ఎక్కం రాదు. నాక్కూడ జర సంతోషం కావద్దా?" అన్నారు పెద్దసారు.

తాతకు నవ్వు ఆగలేదు. అలా చిన్నమ్మ పేరు రిజిస్టరులోకి ఎక్కింది.

ఆ యేడే లంబాడీ తండా నుంచి ఒక పిల్ల ఒకటో తరగతికి వచ్చింది. అన్ని తరగతులకూ అప్పుడు ఒకటే గది. తెలుగు ముక్క రాని ఆ పిల్ల "యాడి, యాడి" అని ఏడుపు అందుకుంటే, ఎక్కడికో పోతానంటున్నదనుకుని పెద్దసారు "యాడికి లేదు బిడ్డా, గీడనే కూసో" అని ఎంతో బుజ్జగింపుగా చెప్పారు. ఆయన చెప్పేకొద్దీ ఆమె ఏడుపు పెరిగేది, గదంతా నవ్వేది. సిగ్గు విడిచి చెప్పాలంటే నేనూ నవ్వాను. చిన్నమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"సారూ, గామె అడుగుతలేదు, పిలుస్తున్నది. యాడి అంటె వాళ్ల భాషల అమ్మ."

మా పత్తిచేలోకి పనికొచ్చే తండా ఆడవాళ్ల మాటలు గట్టున కూర్చుని విని విని ఆమెకు ఆ భాష పట్టుబడిపోయిందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పెద్దసారు వెంటనే ఆ పిల్లను తెచ్చి చిన్నమ్మ పక్కన కూర్చోబెట్టారు. ఆ పిల్ల నల్లబల్ల మీది అక్షరాన్ని చిన్నమ్మ అరచేతిలో వేలితో రాసేది. చిన్నమ్మ దాన్ని పైకి పలికేది. ఒకరికి ఆకారం, ఒకరికి శబ్దం అందగా ఇద్దరూ ఒకే యేడు తెలుగు నేర్చుకున్నారు. పాఠాలు చదివి వినిపించే పని మాత్రం నాదే.

పదో తరగతి పరీక్ష వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. చిన్నమ్మ చెబుతుంటే రాసిపెట్టే మనిషి కింది తరగతి వారై ఉండాలట. ఆమెతో పాటే పరీక్షకు కూర్చునే నేను పనికిరాను. ఎనిమిదిలో ఉన్న తండా పిల్ల రాస్తుందని చిన్నమ్మ తేల్చి చెప్పింది. "దానికి తెలుగే సక్కగ రాదు, నీ పరీక్ష ఏం రాస్తది?" అని తాత గాబరా పడ్డాడు. "నాకు అక్షరాలు నేర్పింది గామెనే బాపూ," అన్నది చిన్నమ్మ.

జనగామలో పరీక్ష. మిగతావారికి అడ్డు కాకుండా వాళ్లిద్దరినీ మా గది బయట వరండాలో కూర్చోబెట్టారు. నాకు కిటికీలోంచి కనబడుతున్నారు. సాంఘికశాస్త్రం నాడు, అజమాయిషీకి వచ్చిన సారు వాళ్ల మధ్య వేరే భాష వినబడేసరికి కాగితం లాక్కున్నారు.

"ఏందిది? జవాబులు నువ్వు చెప్తున్నవా, ఆమె చెప్తున్నదా?"

తండా పిల్ల కలం కింద పెట్టేసి చిన్నమ్మ వైపు జరిగింది. నా చేతిలో కలం ఆగిపోయింది. చిన్నమ్మ మాత్రం తడుముకోకుండా జవాబిచ్చింది.

"జవాబు నాదే సారూ. కొత్త మాటకాడ ఆమె ఆగితే వాళ్ల భాషల అర్థం చెప్తున్న, గంతే. అనుమానముంటె పక్కకు కూసోని ఏదన్న మీరే అడుగుండ్రి."

ఆయన నిజంగానే కుర్చీ లాక్కుని కూర్చుని రుతుపవనాల గురించి అడిగారు. చిన్నమ్మ అందుకుని అరేబియా సముద్రం నుంచి మా ఊరి చేలదాకా ఎక్కడా ఆగలేదు. ఆయన కాగితం తిరిగిచ్చి, పోయిన సమయం కలిపి ఇచ్చి, ఆ తరువాత వరండాలో చప్పుడు చేసిన వాళ్లందరినీ తానే కసురుకున్నారు. ఫలితాల్లో చిన్నమ్మ నంబరు మొదటి శ్రేణిలో ఉంది, నాది మూడో శ్రేణిలో. ఆ రోజు కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం వల్లే అలా అయిందని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటాను, ఎవరూ నమ్మరు.

ఆ తరువాత డిగ్రీ, ఆపైన హన్మకొండలో ఎమ్మే. హాస్టల్లో ఒకే గది మాది. నా గొంతు బొంగురుపోతే చిన్నమ్మ తలుపు దగ్గర కూర్చుని, ఎవరి అడుగుల చప్పుడు వినబడితే వారిని పేరు పెట్టి పిలిచి రెండేసి పేజీలు చదివించుకునేది. ఆ వరుసలో ఆమె చరిత్ర పాఠాలు మా హాస్టలంతటికీ వచ్చేశాయి. చిన్నమ్మ మహబూబాబాద్‌లో లెక్చరరైంది. నాకు భూపాలపల్లిలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. తండా పిల్ల టీచరై గంగారం అడవిలో బడికి వెళ్లి, అక్కడి కోయ పిల్లల దగ్గర ముందు వాళ్ల మాట నేర్చుకున్నాకే పలకలు పంచిందట.

ఈమధ్య మహబూబాబాద్ వెళ్లినప్పుడు, చిన్నమ్మ ఫోను ఏదో లావుపాటి పుస్తకాన్ని గడగడా చదివి వినిపిస్తున్నది. నేను చదవనా అని అడిగితే, "వద్దే, ఇది జల్ది చదువుతది. నువ్వయితె మధ్యల ముచ్చట్లు పెడ్తవు," అని నవ్వింది. ఇక ఆమె ఎవరి తీరిక కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. మేము ఇన్నేళ్లూ కోరుకున్నది అదే గనుక నాకు నిజంగానే సంతోషమైంది. అయినా ఆ అధ్యాయం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాను. చేతిలో పుస్తకం లేకుండా ఆమె పక్కన ఊరికే కూర్చోవడం నాకదే మొదటిసారి.