ఆరా మిషన్‌కు కట్టె చక్రం

బీదర్ మంగల్‌పేటలో హేబ్సిబా ఇంటి ముందుకు రాగానే మనుషులు మాటలు ఆపేసేవాళ్లు. లోపల ఆరా మిషన్ తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని నోరు మూసుకుని నడిచి, ఇల్లు దాటాక మళ్లీ అక్కణ్నుంచి అందుకునేవాళ్లు.

ఆరా మిషనంటే కట్టె కోసే యంత్రం. మనిషెత్తు ఇనుప చట్రంలో పైన ఒక చక్రం, కింద ఒక చక్రం. ఆ రెండింటి మీదుగా పట్టీలాగా తిరిగే రంపం. కింది చక్రాన్ని మోటారు తిప్పితే, రంపం లాగిన లాగుడుకు పైదీ తిరుగుతుంది. ఉయ్యాల తొట్లెల ఒంపు కాళ్లు, కుర్చీల వీపులు, ఎలా గీస్తే అలా తిప్పి కోయడం దాని గొప్ప.

ఆ మిషన్ హేబ్సిబా తండ్రి సిలాసుది. ఆయన మిషనరీ దొరల వడ్రంగి కార్ఖానాలో మేస్త్రీ. కార్ఖానా మూతపడినప్పుడు, తన దేశానికి వెళ్లిపోతున్న దొర దాన్ని ఆయనకే వదిలి వెళ్లాడు. సిలాసు కన్నుమూశాక అందరూ అది పాత ఇనుప సామాన్ల వాడికే పోతుందనుకున్నారు. అల్లుడు జీవరాజ్ బస్సు కండక్టరు. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి. కానీ తండ్రి పక్కన నిలబడి పెరిగిన హేబ్సిబా ఒక సోమవారం పొద్దున కొంగు నడుముకు బిగించి స్విచ్ వేసింది. తల్లి రిబ్కా వంటింట్లోంచి తొంగిచూసి, "వేళ్లు పైలం, హేబ్సీ" అని మాత్రం అన్నది. అంతే, పని మళ్లీ మొదలైంది.

కర్ణాటక అనే పేరు రావడానికి రెండు మూడేళ్ల ముందు సంగతి ఇది. ఒకరోజు హేబ్సిబా చింత దుంగ కోస్తున్నది. ఏనాడో ఎవరో ఎడ్లను కట్టేయడానికి ఆ చెట్టుకు ఇనుప కొక్కెం కొట్టారు. చెట్టు దాన్ని మింగి పైన బెరడు కప్పేసుకున్నది. రంపం పళ్లు కొక్కేనికి తగిలాయి. రంపం తెగి, దాని కొస పై చక్రానికీ చట్రానికీ మధ్య ఇరుక్కుంది. పోత ఇనుప చక్రం పెళ్లుమని విరిగింది. చంద్రవంకంత ముక్క ఒకటి పెంకులు పగలగొట్టుకుని బయటికెగిరి పక్కింటి కోళ్ల గంప మీద పడింది. హేబ్సిబాకు చెంప మీద గీత కూడా పడలేదు. కోళ్లకు కూడా ఏమీ కాలేదు. ఆ పూటంతా గుడ్లు మాత్రం పెట్టలేదు.

మర్నాడు జీవరాజ్ ఆ చక్రాన్నీ ముక్కనూ గోనె సంచిలో చుట్టి తన బస్సులోనే హుమ్నాబాద్‌కు తీసుకుపోయాడు. అక్కడ వెల్డింగ్ చేసేవాడు అతనికి తెలుసు. ముందు సీటులో కిటికీ పక్కన చక్రాన్ని కూర్చోబెట్టాడు. మధ్యలో ఎక్కిన ఒక పెద్దాయన దాన్ని చూసి ఊరుకోలేదు.

"ఏమయ్య కండక్టరూ, మేము నిలవడాలె, ఇనుము కూసోవాల్నా?"

"దానికి టికెట్ కొట్టిన పెద్దయ్యా. దానికి పాణం బాగలేదు, దవాఖానకు పోతాంది."

వెల్డింగ్ అయితే అయింది. ఇంటికి తెచ్చి బిగించి స్విచ్ వేయగానే అతుకు పక్కనే మళ్లీ టప్పుమని విరిగింది. హైదరాబాద్‌లో పాత మిషన్ల దుకాణాలకు కబురు పెడితే, ఈ మిషన్ చేసిన కంపెనీయే ఇప్పుడు లేదన్నారు, కొత్తది కొనుక్కోమన్నారు. ఆ మాట విని రిబ్కా, "కొత్తది కొనేటోళ్లం అయితే మిమ్ముల్ని ఎందుకు అడుగుతం" అని అక్కడ లేని దుకాణదారుతో కాసేపు పోట్లాడింది.

ఇక హేబ్సిబా కట్టెతోనే చక్రం చేయాలనుకున్నది. అటక మీద తండ్రి దాచిన టేకు పలకలు ఉన్నాయి. పలక పక్కన పలక అతికించి, గుండ్రంగా గీసి కోసి, నడుమ పాత చక్రం ఇనుప బొడ్డును బిగించింది. చూడటానికి బాగానే ఉంది. తిప్పితే రంపం ఒకటే జారిపోవడం. రెండు వానలు పడ్డాక కొలిచి చూస్తే ఆ చక్రం ఒక పక్కకు సాగి గుడ్డులా తయారైంది. కోయాల్సిన తొట్లెల కాళ్లు మూల కుప్పపడి ఉన్నాయి. తొట్లెలు అడిగినవాళ్ల ఇళ్లల్లో పిల్లలు ఆగుతారా?

"కమఠాణకు పో. ఖండన్ననడుగు" అన్నది రిబ్కా.

హేబ్సిబా తల్లి మొహం చూసింది. ఆ ఇంట్లో ఆ పేరు చాలా కాలంగా ఎవరూ ఎత్తలేదు. ఖండప్ప దగ్గరి పల్లె కమఠాణలో బండి చక్రాలు చేసే వడ్రంగి. ఒకప్పుడు సిలాసుకు ప్రాణస్నేహితుడు. ఆరా మిషన్ వచ్చాక చుట్టుపక్కల వాళ్లు చక్రాల అంచు ముక్కలు సిలాసు దగ్గరే కోయించుకోవడం మొదలుపెట్టారు. ఖండప్ప ఒకరోజు వాకిట్లో నిలబడి, ఈ గడప జన్మలో తొక్కనని ఒట్టు పెట్టుకుని వెళ్లిపోయాడు. సిలాసు సమాధి దగ్గరికి వచ్చాడు గానీ ఇంటికి రాలేదు.

హేబ్సిబా గుడ్డు చక్రాన్ని సంచిలో వేసుకుని కమఠాణ వెళ్లింది. ఖండప్ప వాకిట్లో కూర్చుని నాగలి మేడి చెక్కుతున్నాడు. తల ఎత్తలేదు.

"సిలాసు బిడ్డవు గదా. మిషన్ ఇరిగిందట. మంచిగైంది."

లోపల్నుంచి ఆయన భార్య రుక్మాబాయి మజ్జిగ చెంబుతో వచ్చింది. "ఇంటికొచ్చిన ఆడబిడ్డతోని మాట్లాడే మాటనా అది? తాగు బిడ్డా. ఈయన గంతే."

హేబ్సిబా మజ్జిగ తాగి, సంచిలోంచి చక్రాన్ని తీసి ఆయన ముందు పెట్టింది. ఖండప్ప దానివైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. బాడిసె పక్కన పెట్టి దాన్ని చేతుల్లో ఒక్కసారి తిప్పాడు. అంతే, పడి పడి నవ్వాడు.

"ఇదేం చక్రం? గుమ్మడికాయ గాదూ!"

"గుమ్మడికాయనే మామా. ఎందుకైందో జెప్పు."

"అన్ని పలకలు ఒక్క దిక్కు పెడితివి. కట్టె అడ్డంల సాగుతది, కుంచుకపోతది. పొడుగుల కదలదు. బండి చక్రం ఎట్ల జేస్తం? ముక్క ముక్క, గుండ్రంగ, ఒకదాని ఎన్క ఒకటి. నీకు మీ నాయన చెప్పలేదా?"

"చక్రాల సంగతి ఖండప్పకు ఒక్కనికే ఎరుక అని చెప్పిండు."

ఖండప్ప మళ్లీ బాడిసె అందుకున్నాడు. మేడి చెక్కుతూనే అన్నాడు: "చేసిస్త. ఈడనే చేసి పంపిస్త. మీ గడప మాత్రం దొక్క."

"ఈడ చేస్తే కాదు మామా. మిషన్ ఇరుసు మీదనే బిగించి, అక్కడనే తిప్పుకుంట చెక్కాలె. లేకుంటె అది సుత వంకర వోతది."

"గట్లయితే నాతోని కాదు, పో."

హేబ్సిబా దిగులుగా ఇంటికి వచ్చి జరిగింది చెప్పింది. రిబ్కా బియ్యం ఏరుతూ అంతా విన్నది. చేట కింద పెట్టి, "గడప దొక్క అన్నడా? ఇంట్లకు రాను అన్నడా?" అని అడిగింది.

"గడప దొక్క అన్నడు."

"గడ్డపార తీస్కరా."

ఆ సాయంత్రం తల్లీ కూతుళ్లు కలిసి వాకిలి గడప చెక్కను ఊడబెరికారు. డ్యూటీ దిగి వచ్చిన జీవరాజ్ అలవాటుగా కాలెత్తి వేసి, అక్కడ గడప లేక తూలి లోపలికి వచ్చి పడ్డాడు. సంగతి తెలిశాక నవ్వాపుకోలేక, అన్నం కూడా తినకుండా సైకిలెక్కి కమఠాణకు పోయాడు.

"మామా, మా అత్తమ్మ నీ కోసం గడప వీకేసింది. నమ్మకపోతె వచ్చి చూసుకో."

ఖండప్ప నమ్మలేదు. తెల్లారి చూడటానికే వచ్చాడు. వాకిట్లో నిలబడి, గడప ఉండాల్సిన చోట మట్టి గాడిని చాలాసేపు చూశాడు. లోపల రిబ్కా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమన్నా, ఇగ ఏం దొక్కుతవ్?"

ఖండప్ప భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటూనే లోపలికి వచ్చాడు.

పని మొదలైంది. టేకును వంపు ముక్కలుగా కోసి మూడు వరుసలు పేర్చారు. ఒక వరుస అతుకు మీద పై వరుసలో నిండు ముక్క వచ్చేలా చూసుకున్నారు. నడుమ అదే ఇనుప బొడ్డు. సరేసు జిగురు పెట్టి, మరలు బిగించి, బండరాళ్ల కింద ఆరబెట్టారు. ఇంతవరకు ఇద్దరికీ ఒకటే మాట. ఆ తర్వాత మొదలైంది రాద్ధాంతం. చక్రం కాస్త పళ్లెంలా లోతుగా ఉండాలని ఖండప్ప. బండి చక్రం అలాగే ఉంటుంది మరి. అద్దంలా చదునుగా ఉండాలని హేబ్సిబా. ఎలాగో ఆయన దానికి ఒప్పుకున్నాక, అంచు నడిమి భాగం కాస్త ఉబ్బెత్తుగా ఉండాలన్నది ఆమె.

"పాగల్ అయినవా? అంచు ఉబ్బుంటె రంపం జారి పక్కకు వడతది. ఎవరన్న చెప్తరు."

హేబ్సిబా ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివర పిండి గిర్నీకి తీసుకుపోయింది. గిర్నీ ఆగి ఉంది. తోలు పట్టా తీసేసిన కప్పీ చక్రం మీద అరచేయి పెట్టి చూడమన్నది. ఖండప్ప చేయి పెట్టి అటూ ఇటూ జరిపాడు. నడుమ ఉబ్బు ఉన్నది. గిర్నీవాడు పట్టా ఎక్కించి తిప్పితే, పక్కకు పెట్టిన పట్టా దానంతట అదే మెల్లగా నడిమికి ఎక్కి కూర్చున్నది. ఖండప్ప ఇంకోసారి తిప్పమన్నాడు. మళ్లీ ఇంకోసారి.

"దీనికి ఎత్తుకెక్కే బుద్ధి ఉన్నది" అన్నాడు చివరికి, ఎంతో సంతోషంగా.

చెక్కడానికి చక్రాన్ని మిషన్ ఇరుసు మీద బిగించి, దానికి ఒక పిడి కొట్టారు. సెలవు రోజు కావడంతో పిడి పట్టుకుని తిప్పే పని జీవరాజ్‌కు పడింది. ఖండప్ప ఉలి ఆనించి పెడితే, ఎత్తుగా ఉన్న చోటల్లా టేకు పొట్టు రాలుతూ వచ్చింది. జీవరాజ్‌కు చేయి కదిలితే నోరు ఆగదు.

"రైట్, రైట్! హోల్డాన్!"

"ఇది బస్సు గాదయ్య, జర సమానంగ తిప్పు!" అని ఖండప్ప కసిరాడు.

గరుకు పనంతా ఖండప్ప చేశాడు. ఆఖరి ఉబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆయన జీవరాజ్‌ను ఆగమన్నాడు. ఉలిని తిప్పి పిడివైపు హేబ్సిబాకు అందించాడు. ఆమె నడిమి నుంచి అంచుకు, నడిమి నుంచి అంచుకు తీసుకుంటూ పోయింది. తర్వాత చక్రాన్ని వదిలేస్తే ప్రతిసారీ ఒక పక్కే కిందికి వచ్చి ఆగేది. అది బరువు పక్క. అక్కడ చిల్లులు పొడిచే బరమాతో చిన్న చిన్న గుంతలు తీసి, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా తేలిక చేశారు.

చివరికి అంచు మీద లారీ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ తొడగాలి. నలుగురూ నాలుగు వైపులా పట్టుకుని సాగదీశారు. ఒకసారి జారి జీవరాజ్ చెంప మీద చెళ్లున తగిలింది. రిబ్కా నవ్వి నవ్వి తన పక్కను కూడా వదిలేసింది. రెండోసారికి ఎక్కింది.

రంపం ఎక్కించి, అందరినీ పక్కకు పొమ్మని, హేబ్సిబా స్విచ్ వేసింది. రంపం కొంచెం అటూ, కొంచెం ఇటూ అయి, చక్రం నడిమికి వచ్చి కుదురుకున్నది. పాత ఇనుప గోల లేదు. తేనెటీగల గుంపు దూరంగా పోతున్నట్టు మెత్తని చప్పుడు.

ఖండప్ప తన సంచిలోంచి ఒక తుమ్మ ముక్క తీశాడు. బండి చక్రం అంచుకని దాని మీద వంపు గీసి తెచ్చుకున్నాడు. "ఇది కొయ్యి" అన్నాడు. హేబ్సిబా గీత మీదుగా నెమ్మదిగా తిప్పుతూ కోసింది. ఆయన ఆ వంపు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు.

"సిలాసు మీద కోపం మిషన్ తెచ్చినందుకు గాదమ్మా" అన్నాడు రిబ్కాతో. "మిషన్ ఇంటికొచ్చిన దినం ఊరందర్ని పిలిచిండు, పాయసం పెట్టిండు. నన్ను పిలువలే."

"పిలుద్దామనే మీ గడప దాకా వోయిండన్నా" అన్నది రిబ్కా. "నీ కడుపు మీద గొట్టే మిషన్‌ను చూడ రమ్మని ఏ మొకంతోని పిలువాలె అని మర్లొచ్చిండు. ఆ దినం ఆయన సుత పాయసం తినలే."

ఖండప్ప తల ఊపాడు. తుమ్మ ముక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, రిబ్కా పెట్టిన అన్నం తిన్నాడు. ఆ రోజు కమఠాణకు చివరి బస్సు తప్పిపోతే జీవరాజ్ సైకిలు మీద దింపివచ్చాడు.

ఆ తర్వాత ఖండప్ప ప్రతి సంతకూ తన ముక్కలన్నీ తెచ్చి హేబ్సిబా దగ్గరే కోయించుకునేవాడు. మిషన్ దగ్గర నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ పై చక్రాన్ని చూపించేవాడు. కట్టె చక్రం సంగతి జీవరాజ్ బస్సెక్కినవాళ్లందరికీ తెలిసింది. రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన ఏడు, హుమ్నాబాద్ నుంచి ఒక కట్టెల అడితివాడు వచ్చాడు. తన మిషన్ చక్రం కూడా పగిలిందట. ఇద్దరూ కలిసి వచ్చి చేయాలన్నాడు.

అలా ఒక పొద్దున హేబ్సిబా, ఖండప్ప ఉలులు, బాడిసె మూటగట్టుకుని జీవరాజ్ బస్సులో ముందు సీటులో కూర్చున్నారు. బీదర్ దాటకముందే మొదలైంది.

"ఈసారి ఉబ్బు జర తక్కువ చెయ్యాలె బిడ్డా."

"తక్కువ జేస్తె జారుతది మామా."

"నీకేం ఎరుక, చక్రాలు చేసేటోన్ని నేనా నువ్వా?"

"కోసేటిదాన్ని నేను."

వెనక సీటులో ఒకావిడ, వీళ్లు తండ్రీ కూతుళ్లా అని జీవరాజ్‌ను అడిగింది. టికెట్ చింపి ఇస్తూ, "ఇంక తెలుస్తలేదమ్మా, హుమ్నాబాద్ దాక ఇను, నువ్వే చెప్పు" అన్నాడు జీవరాజ్.