అడ్డం నిలబడ్డవాడికి పల్లీ పొట్టు

పొద్దున నారాయణపేట బజారులో పల్లీలు వేయిస్తున్న వాసన తగలగానే మన టాకీసు గుర్తొచ్చింది. మీకు గుర్తుందా అమ్మాయిలూ? నేల టికెట్టులో ఆడవాళ్ల వైపు గోనెసంచి పరుచుకుని కూర్చునేవాళ్లం. మా అవ్వ కొంగులో పల్లీల మూట ఉండేది. తెరకు అడ్డంగా ఎవరైనా నిలబడితే, "కూసో బిడ్డా, ఎనకోళ్లకు కనవడ్తలేదు!" అని అవ్వ ఒక్కసారే చెప్పేది. వినకపోతే పిడికెడు పొట్టు వాడి నెత్తిన పడేది. ఆ వెంటనే మన పొట్టూ పడేది. కూర్చునేదాకా ఎవరినీ వదల్లేదు మనం.

మున్సిపాలిటీ చేతికొచ్చిన ఆ టాకీసును కూలగొట్టి దుకాణాలు కడతామని నిన్న వార్డు సభలో చైర్మన్ అన్నాడు. నేను లేచి అడిగాను.

"బాగుజేసి టౌన్‌హాల్ చెయ్యరాదా? లేకుంటే లైబ్రరీకన్న ఇయ్యరాదా?"

"సిన్మాలు ఫోన్‌ల జూస్కో అక్కా. జర కూసో."

సభంతా నవ్వింది. మా అవ్వ మాటతో నన్నే కూర్చోబెట్టాడు!

శుక్రవారం మళ్లీ సభ ఉంది, తీర్మానం అప్పుడే. అందరూ కొంగున పల్లీలు కట్టుకుని రండి. గింజలు మనం తిందాం. పొట్టు మాత్రం ఆయన లేచి నిలబడేదాకా దాచిపెట్టండి.