రెండుసార్లు నొక్కండి

ఆ రోజుల్లో అంటే మరీ తాతల నాటి ముచ్చటేం కాదు, ఐదారేళ్ల కిందటి సంగతే. కాకపోతే ఫోన్ల లెక్కలో చూస్తే ఈలోపు మూడు తరాలు పుట్టి పోయాయి గనుక నేను ‘ఆ రోజుల్లో’ అనే అంటాను, మీరు సర్దుకోవాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో నెమ్మదిగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. మాచర్ల బజార్లో ముందు మా కిరాణా కొట్టు, దాని వెనకే ఇల్లు. కొట్లోంచి నాన్న “ఏమే, చింతపండు బస్తా ఎక్కడ పెట్టిచ్చావ్?” అని కేకేస్తే, వంటింట్లోంచి అమ్మ అంతకు రెట్టింపు గొంతుతో “మీ కాళ్ల కిందే ఉంది, చూసుకోండి” అనేది. ఇద్దరికీ మధ్య పదిహేను అడుగుల దూరం కూడా ఉండదు. కొత్తవాళ్లు వింటే ఏదో కొట్లాట జరుగుతోందనుకుని సరుకు కొనకుండానే వెళ్లిపోతారేమో అనిపించేది.

వీళ్లిద్దరికీ నడుమ, మధ్య గదిలో మంచం మీద మా మేనత్త ఉండేది. నాన్నకి అక్క. ఒకప్పుడు కొట్లో గల్లాపెట్టె దగ్గర ఆమే కూర్చునేది. ఆమె నోటికి జడిసి బజార్లో సగం మంది బేరమాడకుండానే సరుకు పట్టుకెళ్లేవాళ్లట. షుగరు ముదిరి రెండు కళ్లకీ చూపు పోయాక కొట్లోకి రావడం మానేసింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. పోపు మాడితే అమ్మ కన్నా ముందు ఆమెకే తెలిసేది. అన్నీ తన చేతిలోనే ఉన్నట్టు మంచం మీద నుంచే ఇల్లు నడిపే మనిషి, ఒక్క ఫోన్ దగ్గర మాత్రం ఎవరో ఒకరి మీద ఆధారపడాల్సి వచ్చేది. “ఏమే అమ్మాయ్, పిడుగురాళ్ల దానికి కలిపియ్యవే” అని నన్ను పిలిచేది (పిడుగురాళ్లది అంటే ఆమె చిన్ననాటి స్నేహితురాలు, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని దెబ్బలు తిన్నారు). నేను పనిలో ఉంటే ఊరుకుని ఎదురుచూసేది. ఎదురుచూడడం ఆమె ఒంటికి పడని పని.

నాకు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కాలం అది. అప్పటికే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోది విజయవాడలో ఒక కస్టమర్ కేర్ ఆఫీసుది. వీడియో కాల్‌లోనే చూస్తాం, పదకొండింటికి సిద్ధంగా ఉండమన్నారు. “ఇది గూడా పోతే ఇంక కొట్లో కూర్చోమ్మా, నాకూ తోడుంటావ్” అని నాన్న తేల్చి చెప్పేశాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. నాకేమో కందిపప్పుకీ మినప్పప్పుకీ మధ్య ముసలిదాన్నయిపోతున్నట్టు కలలొచ్చేవి. ఈ ఉద్యోగం రావాలని నేను మొక్కని దేవుడు లేడు. వాళ్లు పంపిన మెయిల్లో మాత్రం ఒక షరతు ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్కరే కూర్చోవాలి, వెనక ఏ చప్పుడూ వినబడకూడదు అని. మా ఇంటి గురించి ఎవరో వాళ్లకి ముందే చెప్పారేమో అనుకున్నాను.

సరే, ఆ పొద్దున మా ఇంట్లో ఎప్పుడూ జరగనిది జరిగింది. నాన్న కొట్టు షట్టర్ సగానికి దించి, వచ్చినవాళ్లకి వేళ్లతో సైగలు చేస్తూ సరుకిచ్చాడు. అమ్మ కుక్కర్ పక్కన పెట్టి గిన్నెలో పప్పు ఉడకేసింది. అత్తకి మాత్రం నేనే చెప్పాను, “అత్తా, నీకు దణ్ణం పెడతా, పన్నెండింటిదాకా నోరు తెరవమాక” అని. “సచ్చినదాన్లెక్క పడుంటాలే, ఫో” అంది. ఇక మిగిలింది ఫోను. మధ్యలో ఏ మెసేజీ వచ్చి టింగుమనకుండా సౌండ్ పూర్తిగా తీసేద్దామని పక్కనున్న బటన్ పట్టుకున్నాను. కంగారులో సౌండ్ పెంచేదీ తగ్గించేదీ రెండూ కలిపి పిడికిలి బిగించినట్టు నొక్కిపట్టేశాను. తెర మీద ఏదో పెట్టె వచ్చింది. చదవకుండానే సరే అని కొట్టేశాను (చదివేంత తెలివే ఉంటే ఈ కథ ఉండేది కాదు). అంతే, ఫోన్లోంచి ఒక ఆడగొంతు ఖంగున పలికింది. “టాక్‌బ్యాక్ ఆన్ చేయబడింది. పది గంటల ఇరవై నిమిషాలు.”

తర్వాత తెలిసింది, చూపు లేనివాళ్ల కోసం ఫోన్లో పెట్టిన ఏర్పాటట అది. అప్పుడు నాకు తెలిసిందల్లా నేను ఏది ముట్టుకుంటే దాని పేరు చదువుతోంది, కానీ ఏదీ తెరుచుకోవడం లేదు. “కెమెరా. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి.” సౌండ్ తగ్గిస్తే ఎంత తగ్గిందో అదీ గట్టిగానే చెప్పింది. ఆపేద్దామని పక్క బటన్ పట్టుకుంటే “పవర్ ఆఫ్. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి” అంది. పవర్ ఆఫ్ మీద బలమంతా పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. “పవర్ ఆఫ్” అని మళ్లీ చెప్పింది గానీ ఆగలేదు. షట్టర్ కిందనుంచి వంగి లోపలికొచ్చిన నాన్న, “నీ నొక్కుడు చాల్లా, ఇటియ్యి” అని బెల్లం దిమ్మ గట్టిదనం చూసే బొటనవేలితో అదిమాడు. అది “పవర్ ఆఫ్” అని ఆయనకీ చెప్పింది. మా వైపు ఏ వస్తువు మొరాయించినా చేసే వైద్యం ఒకటే, ఇంకాస్త గట్టిగా నొక్కడం. అమ్మ నొక్కింది, నేను నొక్కాను, నాన్న ఫోన్‌ని గోడకి ఆనించి మరీ నొక్కాడు.

అది చాలదన్నట్టు అదే సమయానికి నా స్నేహితురాలు మెసేజ్ పెట్టింది. గొంతు దాన్ని ఇంటిల్లిపాదికీ వినపడేలా చదివింది. “ఆల్ ది బెస్టే. ఉద్యోగమొస్తే మీ అత్త గోల తప్పుద్ది నీకు. నవ్వుతూ కన్నీళ్లు కారుస్తున్న ముఖం. నవ్వుతూ కన్నీళ్లు కారుస్తున్న ముఖం.” నా ముఖంలో నవ్వు లేదు గానీ రెండోది మాత్రం సిద్ధంగా ఉంది. మధ్య గదిలోంచి అత్త ఏమీ అనలేదు. నోరు తెరవనని మాటిచ్చింది కదా. ఆమె ఊరుకోవడం తిట్టడం కన్నా భయంగా ఉండింది. అమ్మ ఫోన్ లాక్కుని తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో కుక్కి మూత పెట్టింది. డబ్బాలోంచి “బ్యాటరీ అరవై శాతం” అని సన్నగా వినబడింది.

నాన్న పరుగెత్తి ఎదురు బజార్లో సెల్ షాపు భాయ్‌ని పిలుచుకొచ్చాడు. భాయ్ డబ్బాలోంచి ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి, తనూ ఒకసారి నొక్కి చూసి, పెద్ద డాక్టరు పెదవి విరిచినట్టు విరిచాడు. “ఇది సాఫ్ట్‌వేర్ కొట్టాల శెట్టిగారూ. సాయంత్రానికైద్ది. లోపలున్నయ్యన్నీ పోతయ్ మరి.”

“సాయంత్రమా? పదకొండింటికే గదా భాయ్ పిల్ల ఇంటర్వ్యూ!” అన్నాడు నాన్న.

గోడ గడియారం చూస్తే ఇంకో ఐదు నిమిషాలే ఉంది. నేను బియ్యం బస్తా మీద కూలబడి ఏడుపు లంకించుకున్నాను. అమ్మ నన్ను ఊరుకోబెట్టే గొంతు, నాన్న భాయ్‌తో వాదించే గొంతు, భాయ్ ఎవరికో ఫోన్ చేసి అడిగే గొంతు, వీటన్నిటి మధ్య ఫోను తన గొంతుతో తను చెప్పేది చెబుతూనే ఉంది. అప్పుడిక ఆగలేక మధ్య గదిలోంచి అత్త ఒక్క కేక పెట్టింది.

“ఏమే, మీకేమన్నా చెవుడా? ఇందాకట్నుంచి ఆ పిల్ల రెండుసార్లు నొక్కండి, రెండుసార్లు నొక్కండి అని మొత్తుకుంటా ఉంటే, మీరంతా ఒక్కసారి నొక్కి దాన్ని తిడతారేంది? అది చెప్పింది ఒక్కళ్లన్నా ఇన్నారా?”

నిజమే, దాన్ని ఎలా నోరుమూయించాలా అని చూశామే గానీ, అది ఏమంటోందో ఒక్కళ్లమూ విన్లేదు. ఫోన్ తీసుకుని, వీడియో కాల్ బొమ్మ మీద వేలు పెట్టి, చిన్నగా రెండుసార్లు తట్టాను. తలుపు తీసినట్టు తెరుచుకుంది. నాన్న “హమ్మయ్య” అన్నాడు, భాయ్ “అదే నేనూ అనుకున్నా” అన్నాడు.

దాన్ని పూర్తిగా ఎలా ఆపాలో వెతికే టైము లేదు. ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి కూర్చోగానే కాల్ వచ్చింది. అవతల ఒక మేడమ్, నెత్తిన హెడ్‌సెట్. నేను బట్టీపట్టిన ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెప్పబోతూ తెరని తాకాను. “మైక్రోఫోన్ ఆన్‌లో ఉంది. యాక్టివేట్ చేయడానికి రెండుసార్లు నొక్కండి” అంది మా ఇంటి కొత్త చుట్టం.

“గదిలో ఒక్కరే ఉండాలని రాశాం కదమ్మా. పక్కనెవరు?” అన్నారు మేడమ్.

బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. పిడికిలి నొక్కుడు దగ్గర్నుంచి బియ్యం డబ్బా దాకా జరిగిందంతా మా మాచర్ల మాటల్లోనే చెప్పేశాను. ఆవిడ కాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నారు. తర్వాత, “సరే. ఒక కస్టమర్ ఇదే బాధతో మీకు ఫోన్ చేసి ఒకటే అరుస్తున్నాడనుకోండి. ఏం చేస్తారు?” అని అడిగారు.

“ఆయన అరవడం అయ్యేదాకా వింటానండి. తర్వాత ఆ ఫోను ఏం చెప్తుందో ఇద్దరం కలిసి విందాం అంటానండి. మా ఇంట్లో అందరం దాన్ని ఆపాలనే చూశాం. విన్నది మా అత్త ఒక్కతేనండి.”

“మీ అత్తయ్య ఏం చేస్తుంటారు?”

నేను నోరు తెరిచేలోపే మధ్య గదిలోంచి జవాబొచ్చింది. “ఏం జేస్తా, మంచం మీద కూర్చోని వీళ్లని భరిస్తన్నా!”

మేడమ్ ఇక చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, గట్టిగానే నవ్వేశారు. ఇంకో పది ప్రశ్నలడిగి, సోమవారం వచ్చి చేరమన్నారు. నాన్న షట్టర్‌ని పూర్తిగా పైకెత్తేసి, ఆ తర్వాత వచ్చిన మొదటి బేరానికి చిటికెడు బెల్లం కొసరేశాడు. మధ్యాహ్నానికి సెల్ భాయ్ ఎక్కడో కనుక్కుని మళ్లీ వచ్చాడు. “ఏం లేదు చెల్లెమ్మా, ఆ రెండు బటన్లే మళ్లీ కలిపి నొక్కిపడితే పోద్దంట.” నేను ఆనందంగా పిడికిలి బిగించాను.

“ఆపమాక” అంది అత్త. “దాన్నిట్టా ఇయ్యి.”

ఆమె గొంతులో అరుపు లేదు. అరుపు లేకుండా ఆమె మాట్లాడగా నేను అదే మొదటిసారి వినడం. ఫోన్లో పేర్ల పట్టీ తెరిచి చేతిలో పెట్టాను. చూపుడువేలితో, బియ్యంలో రాళ్లు వెతికినట్టు, పైనుంచి కిందికి మెల్లగా జరుపుతూ పోయింది. గొంతు ఒక్కో పేరూ చెబుతోంది. గ్యాస్ సిలిండర్. చిన్నమ్మ చిలకలూరిపేట. పిండి మర. పిడుగురాళ్ల అత్త ఫ్రెండ్. అక్కడ వేలు ఆగింది. రెండుసార్లు తట్టింది. రింగు వెళ్తుంటే ఫోన్ చెవికి ఆనించుకుంది.

“ఏమే, నేనే... ఎవరు కలిపిచ్చారంటావేంది? ఎవరూ కలపలా. నేనే చేశా. నా ఏలితో నేనే ఎతుక్కోని చేశానే.” అవతలామె ఏమందో గానీ, “ఏడుస్తావేందే పిచ్చిమొద్దూ, ఊరుకో” అంటూ తనే కొంగుతో కళ్లొత్తుకుంది. గడపకి ఆనుకుని నిలబడి, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది నా ఉద్యోగం సంగతి అని ఎదురుచూశాను. ఎవరెవరికి మనవళ్లు పుట్టారో, ఎవరి మోకాళ్లు ఎంత నొస్తున్నాయో అన్నీ అయ్యాయి. చివరికెప్పుడో, “ఆఁ, మా పిల్లకి ఉద్యోగం గూడా వచ్చిందంటలే” అని తేల్చేసి, ఇంకెవరికి చేద్దామా అని వేలు కిందికి జరిపింది.

స్నేహితురాళ్లకి చెబుదామంటే చేతిలో ఫోను లేదు. దీపాలు పెట్టే వేళదాకా ఆ ఫోను నాకు దక్కలేదు. మూడో ఇంటర్వ్యూలో గట్టెక్కి, విజయవాడ వెళ్లబోతున్న అంత గొప్ప కబురుని చివర్లో కొసరు మాటలా చెప్పిందని ఆ పూట అత్త మీద నేను మూతి ముడుచుకున్నాను. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన రెండు మంచి సంగతుల్లో పెద్దది తనదే అని నమ్మి, గడపలో అలిగి నిలబడ్డ ఆ పిల్లని తల్చుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.