సుద్దముక్కతో గీసిన వంటిల్లు

జుట్టుకి వేసుకునే రంగు సీసా మూత తీయగానే గుప్పుమనే అమోనియా ఘాటు నన్ను నేరుగా ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా ప్రభుత్వ క్వార్టర్‌కి, ఒక చలికాలపు ఆదివారానికి తీసుకుపోతుంది. అప్పట్లో కొత్తగా ప్రింటు తీసిన ఇంటి ప్లాను కాగితాలకి అదే వాసన.

నాన్న సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి. నోయిడాలో చిన్న స్థలం కొన్నాక, ఇల్లు ఎలా ఉండబోతుందో చూపించడానికి ఆయన స్నేహితుడి చెల్లెలు సరళ ఆంటీ వచ్చింది. ఆవిడ ఆర్కిటెక్టు. పొగమంచు వీడి, ఎండ డాబా మీదికి పాకేసరికి మేమంతా ఆరేసిన రజాయి బొంతల పక్కన చాప పరుచుకుని, వేయించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, సంత్రా తొనలు ఉప్పూకారంలో అద్దుకు తింటూ కూర్చున్నాం. ఆ చాప మీదే ఆంటీ పొడవాటి గొట్టంలోంచి కాగితాలు తీసి, గాలికి లేవకుండా నాలుగు మూలలా సంత్రాలు పెట్టింది. నీలిగీతల ప్లాను, దాని పక్కన నీటిరంగులతో వేసిన ఇంటి బొమ్మ. బొమ్మలో గుమ్మం ముందు ఎర్రచీర కట్టుకున్న ఒకావిడ. అది అమ్మేనని నేను నమ్మేశాను.

నాన్న వేలితో ఒక్కో గదీ చూపిస్తూ మురిసిపోయాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. ఆ తలూపడంలో ఏం కనిపెట్టిందో, సరళ ఆంటీ కాగితాలు పక్కకి జరిపి, సంచిలోంచి టేపూ సుద్దముక్కా తీసి, డాబా నేల మీద వంటింటిని అసలు కొలతలతో గీసింది. పొయ్యి ఇక్కడ, సింకు అక్కడ అని చెప్పి, రోజూ వండుకునేట్టే ఓసారి తిరిగి చూడమంది.

అమ్మ సిగ్గుపడుతూనే గీత దాటి లోపలికి వెళ్లింది. లేని పొయ్యి ముందు నిలబడి, లేని గిన్నె దించింది. తర్వాత మెల్లగా అంది:

"ఇక్కడ నించుంటే గోడ తప్ప ఇంకేం కనపడదండి. పెళ్లైన కాణ్ణించీ గోడకేసి చూత్తానే వండుతున్నాను."

ఆ గోడ అవతల హాల్లో కూర్చున్నవాళ్లకి వంటిల్లు కనపడితే బావుండదని నాన్న గొణిగాడు. ఆంటీ అమ్మనే చూస్తూ, "మీకేం కనపడాలి వదినగారూ?" అని అడిగింది.

అమ్మ నావైపు చూపించింది. "ఇదండి. ఇది చదువుకుంటా ఉంటే చూడాలి."

ఆంటీ ఆ గోడ గీతని పాదంతో చెరిపేసింది. ఇల్లు అలాగే కట్టారు.

మొన్న గ్రేటర్ నోయిడాలో ఫ్లాటు చూడబోతే, సేల్స్ కుర్రాడు నా కళ్లకి ఏవో అద్దాలు తగిలించి, కట్టని గదులన్నీ తిప్పి చూపించాడు. బాగానే ఉంది. నీలిగీతల కాగితాలూ నీటిరంగుల బొమ్మలూ ఇప్పుడెక్కడా లేవు. సరళ ఆంటీ లేదు, అమ్మా లేదు, ఆ ఇంటి స్థలంలో నాలుగంతస్తులు లేచాయి. కానీ పుస్తకంలోంచి తలెత్తినప్పుడల్లా పోపు పొగలోంచి అమ్మ ముఖం కనపడే ఇంట్లో నేను పెరిగాను. అంత భాగ్యం ఎందరికి దొరుకుతుంది?