యాక్సెప్ట్ అని చదివిన మెయిల్

మేడ్చల్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో నేను ఇంగ్లీషు చెప్తాను. ఏడో తరగతికి ఒకేలా వినిపించే మాటల పాఠం ఒకటి ఉంది. క్వైట్, క్వయట్. లూజ్, లూస్. వారానికీ వీక్ అంటారు, నీరసానికీ వీక్ అంటారు, రాసేటప్పుడు మాత్రం వేరు. పిల్లలకు ఆ పాఠమంటే సరదా. ఒకళ్ల తప్పు చూసి ఇంకొకళ్లు నవ్వుకుంటారు. యాక్సెప్ట్, ఎక్సెప్ట్ దగ్గరికి వచ్చేసరికి నేను బోర్డు వైపు తిరిగిపోతాను. మొదటిదానికి తీసుకోవడం, రెండోదానికి తప్ప అని అర్థాలు రాసి, గబగబా తర్వాతి జంటకు వెళ్లిపోతాను.

ఈ ఏడు ఒక పాప ఊరుకోలేదు. "టీచర్, ఇది అనుకొని అది చదివితే ఏమైతది?" అని అడిగింది. "మార్కులు పోతయి" అన్నాను. అబద్ధం. ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. అప్పట్లో మా గల్లీలో ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు ఉండవలసిన దానికన్నా ఎక్కువే ఉండేది. ఫోనులో మాట్లాడాలంటే ఇంట్లో కాక వాకిట్లోకి వచ్చి మాట్లాడేదాన్ని, నలుగురూ వినాలని.

మా పక్కింట్లో ఒక వదిన ఉండేది. చుట్టమేం కాదు, వరసకు వదిన. పదో తరగతి పాసైంది. తూంకుంటలో ఒక అమ్మాయిల హాస్టల్లో వంటకు పోయేది. పొద్దున నాలుగింటికి లేచి పోతే మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరేది కాదు. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగు పనికి ఆడవాళ్లను తీసుకుంటోందని తెలిసి, "పిల్లా, నాకు ఆ ఫారం నింపియ్యవా" అని నా దగ్గరికి వచ్చింది. నింపాను. మెయిల్ అడిగితే నాదే ఇచ్చాను. ఇంటర్వ్యూకు పిలిచారు, పోయి వచ్చింది. వారం తర్వాత మెయిల్ వచ్చింది.

నేను అప్పుడు బట్టలు ఆరేస్తున్నాను. ఒక చేత్తో ఫోను పట్టుకొని చూశాను. పైన రెండు వాక్యాలు, కింద నలుగురి పేర్లు. మూడో పేరు వదినది. పై వాక్యాల్లో యాక్సెప్ట్ అన్న మాట కనిపించింది. కనిపించిందనే అనుకున్నాను. సోమవారం తొమ్మిదింటికి రావాలని ఉంది. ఇంక చదవాల్సింది ఏముందనిపించింది.

"వదినా, వచ్చింది! నిన్ను తీసుకున్నరు!" అని గోడ మీది నుంచే అరిచాను.

పిండి అంటిన ఆమె చెయ్యి అట్లానే ఆగింది. "నిజంగనా? సరిగ చూసినవా?"

"నాకు చదవరాదా వదినా?"

ఆ రోజే ఆమె హాస్టలుకు పోయి ఇక రానని చెప్పేసింది. ఇంటింటికీ చక్కెర పంచింది. నా తల మీద చెయ్యి పెట్టి, "నీ సదువు నాకు అక్కరకొచ్చింది బిడ్డా" అంది.

సోమవారం నేనూ తోడు పోయాను. ఆటోలో ఆమె టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని, కొత్త చెప్పులకు దుమ్ము అంటకుండా కాళ్లు ఎత్తి కూర్చుంది. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పెద్దమనిషి ఒకాయన కాగితంలో పేర్లు చూసి లోపలికి పంపుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. వదిన పేరు రెండుసార్లు వెతికాడు.

"నీ పేరు లేదమ్మా."

నేను ఫోను ముందుకు పెట్టాను. "మెయిల్ల ఉంది, చూడున్రి."

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఒక్కొక్క మాట కింద వేలు జరుపుతూ మెల్లగా చదివాడు. చదివాక నా వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "బిడ్డా, ఇది యాక్సెప్ట్ కాదు, ఎక్సెప్ట్. ఈ నలుగురు తప్ప మిగిలినోళ్లు రావాలె అని."

ఫోను తీసుకొని చూశాను. మొదటి అక్షరం 'ఏ' కాదు, 'ఈ'. అంత స్పష్టంగా ఉంది. మా వెనక ఆడవాళ్లు వరసలో నిలబడి వింటున్నారు.

"ఏమంటున్నడు పిల్లా?" అని వదిన అడిగింది.

ఆ ఒక్క నిమిషం నాకు ఇంకా గుర్తే. 'నేనే తప్పు చదివిన వదినా' అనాలి. అంతే. నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే.

"ఆయనకు ఇంగ్లీషు సరిగ రాదు వదినా."

వదినకు ఆ మాట చాలు. ఆయన మీదికి పోయింది. "గేటు కాడ కూసునేటోనివి, నీకేమెరుక? మా పిల్ల డిగ్రీ సదువుతాంది. నువ్వు ఆమెకు అర్థాలు చెప్తవా? పైసలు తిని వేరేటోళ్ల పేర్లు ఎక్కిచ్చినవా?" వరసలో ఒకరిద్దరు నవ్వారు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. లోపలికి ఫోను చేసి, "మేడం కూడ గదే అంటున్నది తల్లీ, పోయి రాన్రి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు "వాళ్లే పేర్లు మార్చిన్రు కావొచ్చు" అన్నాను. వదిన నమ్మింది. మళ్లీ హాస్టలుకు పోతే అప్పటికే వేరే ఆమెను పెట్టుకున్నారు. కొన్నాళ్లు ఖాళీగా ఉండి, తర్వాత కరీంనగర్ రోడ్డు పక్కన చేపలు పెట్టుకొని కూర్చోవడం మొదలుపెట్టింది. కంపెనీ ఉద్యోగం ఎట్లాగూ రాలేదు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. హాస్టల్ పని పోయింది మాత్రం నా మాట నమ్మే. ఆ కంపెనీ మోసం గురించి ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ, "మా పిల్ల గేటు కాడ ఇంగ్లీషుల నిలదీసింది" అని కలిపేది. నేను పక్కనే ఉండి వినేదాన్ని. కాదనలేదు.

ఈ ఏడు బడిలో ఆ పాప ప్రశ్న అడిగిన రోజు సాయంత్రం బస్సు దిగి నేరుగా వదిన చేపల దగ్గరికి పోయాను. బేరం లేని సమయం. పక్కన పీట మీద కూర్చొని చెప్పేశాను. మెయిల్ తప్పు చదివింది నేను. గేటు దగ్గరే తెలిసింది. తెలిసీ ఆయనకు ఇంగ్లీషు రాదన్నాను.

చేప పొలుసు తీస్తున్న కత్తి ఆగింది. తిడుతుందనుకున్నాను, హాస్టల్ సంగతి ఎత్తుతుందనుకున్నాను.

"గా ముసలాయనను నేను ఎన్ని మాటలంటిని" అంది. "పైసలు తిన్నవని అంటిని. పదిమందిల అంటిని. నువ్వు పక్కన్నే ఉంటివి గదనే."

ఆమె కత్తి పక్కన పెట్టింది.

"రేపు పోదాం" అంది.

మర్నాడు బడికి సెలవు పెట్టాను. అదే గేటు, రంగు మార్చారు. ఒక సెక్యూరిటీ ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. ఆ పెద్దమనిషి గురించి అడిగితే, తాను వచ్చి ఏడాదే అయిందని, ముందున్నవాళ్లు ఎవరో తెలియదని చెప్పింది. వదిన వదల్లేదు. కళ్లద్దాలు పెట్టుకుంటాడని, మెల్లగా మాట్లాడతాడని గుర్తులు చెప్పింది. లోపల పాత డ్రైవర్ను అడిగించింది. ఆ పెద్దాయన పని మానేసి ఊరికి పోయాడని, ఏ ఊరో తెలియదని జవాబు వచ్చింది.

"మల్ల ఎప్పుడన్న వస్తే, నేను అన్న మాటలు తప్పని చెప్పు చెల్లె" అంది వదిన. "ఊకెనే నోరు పారేసుకున్న."

"నోరు పారేసుకున్నది ఆమె కాదు" అన్నాను. "ఆయన సరిగ చదివిండు. నేను తప్పు చదివి, ఆయనకు రాదని చెప్పిన."

కుర్చీలో ఆమె నా వైపూ వదిన వైపూ చూసింది. ఏం చెప్తున్నానో ఆమెకు అర్థం కాలేదు. సరే అన్నట్టు తలూపి, వచ్చిన వ్యాను నంబరు రాసుకోవడానికి లేచింది.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "నడువు, బేరం యాళ్లయితాంది" అని నాకన్నా ముందే రోడ్డు దాటింది.