మూత బిగించని బొమ్మ

ఆసుపత్రిలో అందరికీ ఆవిడ రంగులక్క. యాభై రెండేళ్ళు. కుడిచేతి చిటికెన వేలి పక్కన కాయ కాచి ఉంటుంది. ముప్పై ఏళ్ళపాటు దుకాణాల బోర్డులు రాసినప్పుడు చెయ్యి కదలకుండా ఆ వేలినే గోడకు ఆనించేది. రంగు ఆరిందో లేదో కూడా ఆ వేలితోనే తాకి చూసేది. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మూలపడింది.

మానసిక ఆసుపత్రిలో వార్డుల బోర్డులు రాయాలని పిలిస్తే వెళ్ళింది. మూడు రోజుల పని. రెండోరోజు ఒక రోగి వచ్చి నిచ్చెన పక్కన గంటసేపు కదలకుండా నిలబడ్డాడు. "రాస్తావా?" అని బ్రష్షు అందించింది. 'వార్డు' అన్న మాటకు చివరి కొమ్ము అతనే పెట్టాడు, కాస్త వంకరగా. ఆవిడ దిద్దలేదు. ఆరేళ్ళయింది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ తర్వాత దుప్పట్లు పెట్టే గదిని, రోగులతో బొమ్మలు వేయించమని, పెద్ద డాక్టరు ఆవిడకి ఇప్పించాడు. మంగళవారం, శుక్రవారం రెండేసి గంటలు. కత్తెర ఉండకూడదు కాబట్టి కాగితాన్ని మడిచి, మడతను తడిపి చింపేవారు. బ్రష్షులు పదహారు. లెక్క సరిపోతేనే తలుపు తీసేది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి రోజునే ఒక మాట చెప్పేది: "మీరు వేసింది మీది. చించుకోండి, పారేసుకోండి. మీరు చూపించమంటే తప్ప నేను ఎవరికీ చూపించను."

ఆ మాట నమ్మినవాళ్ళలో వాచీ మేస్త్రి ఒకడు. అరవై దాటిన మనిషి. తల్లి పోయిన నెలకి తన కొట్లో మూడు రోజులు అన్నం నీళ్ళు లేకుండా కూర్చుండిపోతే చెల్లెలు తీసుకొచ్చి చేర్చింది. నాలుగు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో నెలలో రంగులక్క గదిలో, మగ్గు వంక చూసి, "ఈ నీళ్ళు మార్చాలి" అన్నాడు. నర్సు పరిగెత్తుకెళ్ళి డాక్టరుకి చెప్పింది. అప్పట్నుంచి ఆ గదిలో మాత్రం నాలుగు ముక్కలు మాట్లాడేవాడు. "ఇలాగే కొనసాగితే, చెల్లెలితో కూడా మాట్లాడగలిగితే, నెలలో ఆవిడ ఇంటికి పంపించొచ్చు," అన్నాడు డాక్టరు. చెల్లెలు గది సర్ది, మంచం కూడా వేయించింది.

మేస్త్రి ప్రతిసారీ ఒకటే బొమ్మ వేసేవాడు. ఒక వంటిల్లు. నీలం పలకల గట్టు, పిడి విరిగిన చెంబు. నేల మీద పక్కకి ఒరిగి పడుకున్న ముసలావిడ, చెంబు వైపు చాచిన చెయ్యి. తలుపు అవతల ముందు గదిలో బల్ల దీపం కింద వంగి పనిచేసుకుంటున్న మగమనిషి వీపు. గోడ గడియారంలో ముళ్ళు సైతం వేసేవాడు. పూర్తవగానే వెడల్పాటి బ్రష్షు తీసుకుని, బూడిదరంగుతో ఆ చివరి నుంచి ఈ చివరికి పూసేసేవాడు.

ఆ బల్లకి అవతల హెడ్మాస్టరమ్మ కూర్చునేది. మేస్త్రి అట్ట అడ్డం పెట్టుకుని వేసేవాడు కాబట్టి రంగులక్కకి తప్ప ఎవరికీ ఆ బూడిదరంగే కనిపించేది. పదవీ విరమణ చేసి పదేళ్ళయినా అందరి బొమ్మలకీ మార్కులు వేసేది. "సున్నా," అనేది మేస్త్రితో. "పేపరంతా సిరా ఒలకబోసుకుంటే నేనేం దిద్దనయ్యా?"

"మీరు దిద్దకూడదనేనండీ," అన్నాడు ఒకసారి మేస్త్రి. గదంతా నవ్వింది. తనూ కొంచెం నవ్వాడు.

రంగులక్కకి మాత్రం ప్రాణం ఉసూరుమనేది. "ఇంత పనితనం, ఎందుకు మేస్త్రిగారూ అలా కప్పేస్తారు?"

"వాచీ విప్పి చూశాక మూత బిగించాలి కదమ్మా. తెరిచి వదిలేస్తే దుమ్ము పడుతుంది."

ఆవిడ తల ఊపింది కానీ ఆ మాట మనసుకి ఎక్కలేదు. ఆవిడ పని వేరు. రాసింది వీధి చివరికి కూడా కనబడాలనే ఆవిడ బతుకంతా రాసింది.

ఇంతలో పెద్ద డాక్టరు పిలిచి చెప్పాడు. పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ఈ గదిని పాత ఫైళ్ళకి ఇచ్చేద్దామంటున్నారు. "వరండాలో బొమ్మలు పెట్టండి. చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, నేను మాత్రం ఏమని అడగను?"

వేసినవాళ్ళని అడిగి పద్నాలుగు బొమ్మలు పోగుచేసింది. పువ్వులు, పడవలు, హెడ్మాస్టరమ్మ గీసిన బడి గంట. ఒక్కటీ మనిషిని నిలబెట్టేది కాదు.

ఆ మంగళవారం మేస్త్రి బొమ్మ ముగించి బూడిదరంగు కలుపుకుంటుండగా నర్సు వచ్చింది, రక్తపరీక్షకి రమ్మని. అతను బ్రష్షు వంకా తలుపు వంకా చూశాడు. "మూత మీరు బిగిస్తారా అమ్మా?"

అక్కడ చేరిన దగ్గర్నుంచి అతను ఎవరినైనా సాయం అడగడం అదే మొదలు.

"మీరు వెళ్ళిరండి, నేను చూసుకుంటాను," అంది.

బ్రష్షు ముంచింది. కాగితం మీదికి తెచ్చింది. ఆ చాచిన చేతి దగ్గర ఆగిపోయింది. బ్రష్షు కడిగేసి, బొమ్మని బీరువాలో పెట్టింది. మేస్త్రి తిరిగొచ్చి గుమ్మంలోంచి అడిగాడు, "బిగించారా?"

"బిగించాను."

పేరు రాయలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. శుక్రవారం పొద్దున వరండాలో సరిగ్గా మధ్యలో పెట్టింది. తనిఖీకి వచ్చినవాళ్ళు దాని ముందే ఎక్కువసేపు నిలబడ్డారు. "పదికి తొమ్మిదిన్నర," అంది హెడ్మాస్టరమ్మ. "పేరు రాయనందుకు అర మార్కు కోత. ఎవరిదే అక్కా ఇది?"

రంగులక్క జవాబు వెతుక్కుంటుండగానే వెనక నుంచి చిన్న కేక వినిపించింది. మేస్త్రి చెల్లెలు. అన్నని చూసి పోదామని వచ్చింది. నీలం పలకల గట్టుని, పిడి విరిగిన చెంబుని గుర్తుపట్టింది. అప్పుడే వార్డులోంచి అందరినీ వరుసగా తీసుకొస్తున్నారు.

"అన్నయ్యా, అమ్మ నిద్రలో పోయిందన్నావు కదరా?" చెల్లెలి గొంతు మామూలుగానే ఉంది. అందుకే రంగులక్కకి భయం వేసింది. "నువ్వు ముందు గదిలోనే ఉన్నావా? పిలిచిందా? ఎంతసేపు పిలిచింది?"

మేస్త్రి చెల్లెలి వైపు చూడలేదు. బొమ్మ వైపు చూశాడు. తర్వాత రంగులక్క వైపు తిరిగాడు.

"బిగించానన్నారు," అన్నాడు.

ఆ తర్వాత అతను మళ్ళీ మాట్లాడలేదు. ఇంటికి పంపే మాట ఆగిపోయింది. చెల్లెలు రెండు ఆదివారాలు వచ్చి బయట బల్ల మీద కూర్చుని వెళ్ళింది. అతను బయటికి రాలేదు. గది మాత్రం నిలిచింది. పైవాళ్ళు మెచ్చుకున్నారని, ఇంకో బల్ల కూడా వేయిస్తానని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆవిడ "సరేనండీ" అంది.

ఇంట్లో రెండు రోజులు దాచి, మూడోరోజు భోజనాల దగ్గర భర్తకి చెప్పింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు.

"ఆయన్ని క్షమాపణ అడిగావా?"

"అడిగాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు."

"గది పోతుందని భయపడ్డానని చెప్పావా?"

"చెప్పలేదు." కంచంలో మెతుకులు పక్కకి జరిపి అంది, "గది కోసమే అయితే చెప్పేదాన్ని. నాకది నలుగురూ చూడాలనిపించింది. నేనే రాసినట్టు."

ఆయన నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

మరుసటి మంగళవారం గదికి కొత్తగా ఒకతను వస్తే, ఆవిడ ఎప్పుడూ చెప్పే మాట చెప్పలేకపోయింది. బీరువా తాళం తీసి బల్ల మీద పెట్టి, "ఎవరివి వాళ్ళు తీసేసుకోండి," అంది. అందరూ తీసుకున్నారు. ఒక్కటి మిగిలింది.

ఐదో మంగళవారం పని అయిపోయి, బ్రష్షులు లెక్కపెడుతుండగా మేస్త్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఆవిడ బీరువా తీసి బొమ్మని బల్ల మీద పరిచింది. బూడిదరంగు సీసా, వెడల్పాటి బ్రష్షు పక్కన పెట్టింది. మగ్గులో నీళ్ళు మార్చింది.

అతను కూర్చోలేదు. తలుపు వైపు చూపించాడు.

బ్రష్షులున్న గదిలో రోగిని ఒంటరిగా వదలకూడదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా వదల్లేదు. ఆవిడ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. తలుపుకున్న అద్దంలోంచి చూడొచ్చు. అద్దానికి వీపు ఆనించి నిలబడి, అవతలి గోడ మీద తను రాసిన బోర్డునీ, దాని చివర వంకర కొమ్మునీ చూస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కడిగిన బ్రష్షు ఆవిడ చేతికిచ్చాడు.

"చెల్లెలికి నేను చెప్పుకుంటాను," అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "ఎప్పుడో. మీరు చెప్పకండి."

"చెప్పను."

ఆ మాటకి విలువ లేదని ఇద్దరికీ తెలుసు. అతను రెండడుగులు వేసి ఆగాడు.

"ఇంకా ఆరలేదు. ముట్టుకోకండి."

ఆవిడ లోపలికి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. కాగితమంతా బూడిదరంగు. ఒక మూల తడి ఇంకా మెరుస్తోంది. చిటికెన వేలు అలవాటుగా దాని వైపు లేచింది. ఆవిడ పిడికిలి బిగించి, చేతిని ఒళ్ళో పెట్టుకుంది.