టికెట్టు తెగని ఫౌండ్రీ హాల్టు

సవేతా ఫౌండ్రీలో ఇసుక అచ్చులు కట్టేది. బ్రషోవ్ పట్నం వెళ్లే ప్యాసింజరు ఫౌండ్రీ గేటు ముందే ఆగేది. ఇప్పుడు ఆగదు. హాల్టు ఎత్తేశారు. తరవాతి స్టేషన్లో దిగి, పట్టాల పక్కన బురదలో వెనక్కి నడవాలి. రోజూ ఆలస్యమే. ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదని ఫోర్‌మన్ చెప్పేశాడు.

ఆ చిరాకుతోనే రైల్వే ఆఫీసుకు వెళ్లింది. ఒకే షిఫ్టు కదా అని నన్నూ లాక్కెళ్లింది.

"అక్కడ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు లేరమ్మా," అన్నాడు గుమాస్తా. "ఏడాదంతా ఒక్క టికెట్టు తెగలేదు. దెయ్యాల కోసం బండి ఆపమంటావా?"

"పెట్టె నిండా మనుషులం. ఒంటికాలి మీద నిలబడి వెళ్లేవాళ్లం."

"మరి టికెట్లేవి?"

సవేతా నావైపు చూసింది. నేను గోడ మీది మ్యాపు చూశాను.

టికెట్టు మాలో ఎవరు కొన్నారు గనక. కండక్టరు గవ్రీల్ రాగానే చేయి కలిపినట్టే కలిపి, సగం చార్జీ అతని అరచేతిలో పెట్టేవాళ్లం. ఈ లైన్లో అందరూ చేసేదదే. అలాంటి కండక్టరును 'నాష్' అంటాం. బాప్తిస్మం నాడు బిడ్డను ఎత్తుకునే పెద్దదిక్కును పిలిచే పిలుపు అది. గవ్రీల్ మంచివాడు కూడా. జీతాలు రాని నెలల్లో చెయ్యి చాచేవాడు కాదు.

"కండక్టరుకిచ్చేవాళ్లం," అనేసింది సవేతా. "అందరం. రాసుకోండి."

గుమాస్తా పెన్ను తీశాడు. "ఏ కండక్టరు? పేరు చెబితే విచారణ వేస్తాం. మనుషులెక్కారని తేలితే హాల్టు మళ్లీ తెరుస్తారు."

సవేతా చూపు పెన్ను మీదికి పోయింది.

"మొహం గుర్తులేదు."

"రోజూ ఇచ్చి కూడానా?"

"టోపీ పెట్టుకుంటాడు."

గుమాస్తా పెన్ను మూసేశాడు. బయటికొచ్చాక సవేతా అతన్నీ, నన్నూ, గవ్రీల్నీ, తననీ వరసపెట్టి తిట్టింది.

సంగతి గవ్రీల్ చెవిన నేనే వేశాను. మర్నాడు బండిలో మా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీ మేలు మరిచిపోను సవేతక్కా. ఇకమీదట నీ దగ్గర ఒక్క లేయు నోటు కూడా ముట్టుకోను."

"ఫౌండ్రీ దగ్గర బండి ఆపించు, చాలు."

"నా చేతిలో ఏముందక్కా?"

"నీ చేతిలో ఏముందో మాకు తెలుసులే."

కిటికీలో ఫౌండ్రీ గేటు వచ్చి, వెనక్కి పోయింది.

ఆ వారమే ఆమె పని పోయింది. ఇప్పుడు అదే బండిలో వేయించిన పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతోంది. టికెట్టు కొనే ఎక్కుతుంది. గవ్రీల్ చూడనట్టు దాటిపోబోతే దారికి అడ్డం నిలబడి, టికెట్టుకు చిల్లు పొడిచేదాకా కదలనివ్వదు.